బావ తెచ్చిన బూట్లు

పోయిన ఆదివారం వనపర్తిలో ఒక ఆటసామాన్ల దుకాణంలో గంటన్నర గడపవలసి వచ్చింది. మా అక్క మనవరాలు ఇక్కడికి దగ్గరలోనే గురుకుల పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది, ఫుట్‌బాల్ బాగా ఆడుతుందని పేరు, జిల్లా ఆడపిల్లల జట్టు ఎంపికకు వెళ్లాలట, పాత బూట్ల అడుగులు ఊడిపోయాయట. పిల్ల తండ్రికి తీరిక లేక ఆ పని నా నెత్తిన పడింది. మనవరాలినీ చూసినట్టుంటుంది, తమ్ముణ్ణీ చూసినట్టుంటుందని మా అక్క గద్వాల నుంచి ఉదయం బస్సుకే వచ్చి దిగింది. దుకాణానికి పోదాం పద అని ఇద్దరూ పొద్దున్నుంచీ తొందరపెడుతున్నా నేను ఒప్పుకోలేదు. బూట్లు కొనడానికి సాయంత్రమే మంచిదని, పొద్దంతా తిరిగిన పాదం సాయంత్రానికి కాస్త ఉబ్బుతుందని, ఆ పాదానికి సరిపడినదే ఆటలోనూ సరిపడుతుందని చెప్పి నాలుగు దాటేదాకా వాళ్లను కదలనివ్వలేదు.

తీరా దుకాణానికి వెళ్లాక వాళ్లిద్దరికీ స్టూళ్లు వేశారు, నాకూ ఒకటి వేశారు, నేను మాత్రం కూర్చోలేకపోయాను. పిల్ల ఒక జత తొడుక్కోగానే వంగి బొటనవేలితో బూటు ముందుభాగం నొక్కి చూడటం, ఆటకు వేసుకునే మేజోళ్లే వేసుకున్నావా అని అడగటం, కూర్చుని కాదు నిలబడి చూడమనటం, ఒక కాలికి కాదు రెండు కాళ్లకూ తొడుక్కోమనటం, నాలుగడుగులు ఉరికి గబుక్కున పక్కకు తిరగమనటం, మడమ జారుతోందేమోనని వెనకనుంచి వేలు దూర్చటం, అంతలోనే ఉక్కపోసినట్టయి వీధిలోకి వెళ్లి వచ్చేపోయే ఆటోలను చూసి మళ్లీ లోపలికి రావటం, ఇదే నా పని. దుకాణం అతను అడక్కుండానే రెండుసార్లు మంచినీళ్లిచ్చాడు. పెద్దాయనకు ఇక్కడే ఏమైనా అవుతుందేమోనని భయపడి ఉంటాడు.

పిల్ల మాత్రం నిబ్బరంగా ఉంది. మొదటి జత తొడుక్కుని రెండడుగులు వేసి, "పట్టేస్తున్నయ్ తాతా, వేరేవి చూపియ్యమను" అంది. రెండో జతకు మడమ దగ్గర వదులంది. మూడో జత నాకు ఎంతో నచ్చి, ఇవి బాగున్నాయి కదా అన్నాను. అది నా ముఖం చూసి నవ్వి, "నీకు మంచిగున్నయేమో, నా కాలికి లేవు" అంది. దుకాణం అతను విసుక్కోకుండా మరో అట్టపెట్టె తెచ్చాడు. కాలికి పట్టలేదన్న మాట అంత తేలిగ్గా, ఎవరి ముఖమూ చూసి భయపడకుండా అనవచ్చునని నాకు అరవై నాలుగేళ్లు వచ్చాక తెలిసింది. పక్కన మా అక్క కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ నన్నే చూస్తోంది. ఆమె ఏం తలచుకుంటోందో నాకు తెలుసు, నేనేం తలచుకుంటున్నానో ఆమెకూ తెలుసు. నలభై ఆరేళ్లుగా ఆ సంగతి మా ఇద్దరి మధ్యా మాటల్లోకి రాలేదు.

నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, మా చిన్నతనంలో పాదానికి దుకాణం దాకా వెళ్లే భాగ్యం ఉండేది కాదు. పుల్ల వెళ్లేది. ఇంట్లో ఎవరికైనా చెప్పులు కావాలంటే చీపురుపుల్ల ఒకటి లాగి, మడమ నుంచి బొటనవేలి చివరిదాకా ఆనించి, మిగిలింది గోటితో తుంచి, అంగడికి పోయేవాళ్ల చేతిలో పెట్టేవాళ్లు. నాగర్‌కర్నూలు అంగడికి మా నాయన పోయాడంటే ఆయన జేబులో ఇంటివాళ్లవీ పక్కింటివాళ్లవీ కలిసి ఏడెనిమిది పుల్లలు ఉండేవి. ఎవరిది ఏదో తెలియడానికి దారం ముళ్లు వేసేవాళ్లు, ఒక ముడి నాయనమ్మది, రెండు ముళ్లు పెద్దమ్మది అని. ఒకసారి మా చిన్నాయన సైకిల్ మీద పోతుంటే జేబులో పుల్ల విరిగి, ఆయన ఆ విరిగిన ముక్కనే చూపించి చెప్పులు తెస్తే, నాయనమ్మ వాటిని చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసి, మారుమాట్లాడకుండా మా పిన్ని కూతురికి తొడిగి, తాను ఆ ఏడాదంతా పాత చెప్పులతోనే నెట్టుకొచ్చింది. తెచ్చినవాణ్ణి తప్పుపట్టకూడదన్నది మా ఇళ్లలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన మర్యాద.

నేను వనపర్తిలో ఇంటర్మీడియట్ చదివాను. మా ఊరు తెలకపల్లి, నాలుగెకరాల మెట్ట, జొన్న, వేరుశెనగ, వాన పడితే పంట. ఊళ్లో ఉండగా నాకు ఏ పనీ పూర్తిగా చేసిన గుర్తు లేదు, నాగలి పట్టుకుంటే మోట గుర్తొచ్చేది, మోట దగ్గరకు పోతే బస్సు రోడ్డు గుర్తొచ్చేది. వనపర్తికి వచ్చాక కాలేజీ వెనక మైదానంలో ఫుట్‌బాల్ చూశాను. ఉరకడమే పనిగా ఉన్న పని ఒకటి ఈ లోకంలో ఉందని తెలిసి నాకు ప్రాణం లేచివచ్చింది. మొదటి ఏడాది అంతా వట్టికాళ్లతోనే ఆడాను, మేమంతా అలాగే ఆడేవాళ్లం. నాది ఎడమకాలు. ఎడమ పక్కనుంచి బంతిని తీసుకుపోయి లోపలికి వేస్తే మా డ్రిల్లు సారు గీత అవతల నిలబడి విజిల్ దారం వేలికి చుట్టుకునేవాడు, ఆయన మెచ్చుకోలు అంతే.

డ్రిల్లు సారు ముస్లిం, వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఆడినవాడు, మనిషి సన్నగా ఉండేవాడు, పాదాలు మాత్రం పెద్దవి. రెండో ఏడాది దసరా సెలవులకు ముందు ఆయన నన్ను పిలిచి, పాలమూరులో జిల్లా జట్టు ఎంపిక ఉందని, అప్పటికి వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు అన్నీ ఆ జిల్లా కిందే ఉండేవి, ఎంపికైతే రాష్ట్రం పోటీలకు పంపుతారని, అక్కడ ఆడినవాళ్లను ఆటల కోటాలో పోలీసుల్లోనో రైల్వేలోనో తీసుకుంటారని చెప్పాడు. వయసు లెక్క ప్రకారం నాకు అదే ఆఖరి అవకాశం. ఉద్యోగం మాట నేను సగమే విన్నాను. తెలకపల్లికి తిరిగి వెళ్లి మబ్బుల వైపు చూస్తూ కూర్చునే బతుకు తప్పుతుందన్నదే నాకు వినపడింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు, పుస్తకం ముందు పెట్టుకుంటే అక్షరాలు కదిలేవి.

అయితే ఎంపికలో బూట్లు లేనివాళ్లను మైదానంలోకి రానివ్వరట. సారు బూట్ల గురించి నాకు ఒక సాయంత్రమంతా పాఠం చెప్పాడు. నేను దుకాణంలో మొన్న వల్లించినదంతా ఆయన చెప్పిందే. సాయంత్రం పోవాలి, మేజోళ్లతో తొడుక్కోవాలి, నిలబడి చూడాలి, వేళ్లు ముందు తగలకూడదు, మడమ కదలకూడదు, కాలు పెరుగుతుందని పెద్దవి కొనకూడదు, అందరికీ ఒక పాదం కొంచెం పెద్దది ఉంటుంది, ఆ పెద్ద పాదానికి చూసుకోవాలి. చివర్లో, "ఎవరితోటి తెప్పిచ్చుకోకు. బూటు కొనుక్కునేదానికి కాలు పోవాలె, మనిషి పోవుడు కాదు" అన్నాడు. నేను తల ఊపాను.

ఇక్కడ మా బావ సంగతి చెప్పాలి. అక్కను గద్వాలకు ఇచ్చారు. బావ బస్సు కండక్టరు, గద్వాల నుంచి హైదరాబాదుకు రోజూ పోయివచ్చేవాడు. మనిషి మంచివాడే, చేతికి ఎముక లేదన్నట్టు ఉండేవాడు, కానీ మర్యాద విషయంలో మహా పట్టింపు. మా చిన్నాయన కొడుకు పెళ్లిలో భోజనాల వరుసలో ఇంకో ఇంటి అల్లుణ్ణి ముందు కూర్చోబెట్టి ఈయన్ను తర్వాత పిలిచారు. విస్తరి ముందు నుంచి లేచి, చేయి కూడా కడుక్కోకుండా బస్సెక్కి పోయాడు. ఎనిమిది నెలలు మా గడప తొక్కలేదు, అక్కను పంపలేదు. ఉగాదికీ రాలేదు, బోనాలకూ రాలేదు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఊరికే కట్టెలు ఎగదోస్తూ ఉండేది, కళ్లలో నీళ్లు పొగకు వచ్చినవని మేము నమ్మినట్టు నటించేవాళ్లం.

అటువంటి రోజుల్లో మా నాయన విత్తనాల పని మీద గద్వాలకు పోయి, బస్టాండులో బావకు ఎదురుపడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియక, నేను ఉత్తరంలో రాసిన ఎంపిక గురించీ బూట్ల గురించీ మాట్లాడాడట. బావ టికెట్ల కట్టను సర్దుకుని, "రోజూ హైదరాబాదు పోయేటోన్నే గద నేను. నేను తెస్త. వాని కాలు కొలత పంపుండ్రి" అన్నాడట. ఎనిమిది నెలల తర్వాత ఆయన నోటినుంచి మా ఇంటి కోసం వచ్చిన మొదటి మాట అది. నాయన ఆ మాట ఇంటికి మోసుకొచ్చిన రోజు అమ్మ పాయసం చేసింది.

నేను సెలవులకు ఇంటికి వెళ్లేసరికి ఇదంతా జరిగిపోయింది. బావ వెంట నేనూ బస్సులో పోయి దుకాణంలో తొడుక్కుని చూస్తానని అమ్మతో అన్నాను. ఆమె చేతిలో చేట కింద పెట్టి నా వైపు చూసింది. "అంటే ఆయన తెచ్చేది మంచిగుండదనా? మల్ల అలిగితే మీ అక్క గతేంది చెప్పు" అంది. నేను చేట తీసి ఆమె చేతికిచ్చాను. మర్నాడు ఉదయం, సెలవుల్లోనూ సారు ఆడిస్తున్నాడు గనుక, నేను వనపర్తి బస్సు అందుకోవాలని అరుగు మీద కూర్చుని గబగబా తింటుంటే, అమ్మ చీపురుపుల్ల తెచ్చి, తనకు దగ్గరగా ఉన్న పాదానికి ఆనించి తుంచింది. దగ్గరగా ఉన్నది కుడిపాదం. నా ఎడమపాదం కుడిదానికంటే పెద్దది. చిన్నప్పుడు బావిలోకి దూకి రాయి మీద పడ్డప్పుడు బొటనవేలి పక్క ఎముక పొడుచుకొచ్చి అలాగే ఉండిపోయింది. పుల్ల పొడవునే చూస్తుంది గానీ వెడల్పు చూడదు, వట్టికాళ్లతో మెట్ట చెలకల్లో తిరిగిన పాదం పక్కలకే పరుచుకుంటుంది, ఇవన్నీ నాకు తెలుసు. ఇది కాదమ్మా, ఆ కాలు కొలువు అని అంటే సరిపోయేది. బస్సు హారన్ వినపడింది, చేయి కడుక్కోకుండానే ఉరికాను. ఆ ఒక్క నిమిషం నేను కుదురుగా కూర్చుని ఉంటే ఎలా ఉండేదని ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు.

మళ్లీ శుక్రవారం బావ సెలవు పెట్టి అక్కను వెంటబెట్టుకుని తెలకపల్లికి వచ్చాడు. నన్నూ రమ్మని కబురు పెట్టారు. ఇల్లంతా అలికి ముగ్గులు పెట్టారు, కోడిని కోశారు, నాయన తలపాగా మార్చుకున్నాడు. అక్క లోపలికి వచ్చి అమ్మను కావలించుకుని ఉన్నంతసేపు మేము మగవాళ్లం చూరు వైపు చూస్తూ కూర్చున్నాం. అప్పుడు బావ సంచిలోంచి పెట్టె తీశాడు. నల్లటి తోలు బూట్లు, పక్కన తెల్లటి గీత, అడుగున గుండ్రటి గుబ్బలు, కొత్త తోలు వాసన. అంత అందమైన వస్తువు అప్పటిదాకా మా ఇంట్లోకి రాలేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కూడా వచ్చి చూశారు.

కుడికాలు బాగానే దూరింది. ఎడమకాలు దూరడానికి నేను గోడ పట్టుకుని నొక్కవలసి వచ్చింది. దూరాక వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, ఎముక పొడుచుకొచ్చిన చోట నిప్పు పెట్టినట్టయింది. "సరిపోయినయా బామ్మర్ది?" అన్నాడు బావ. ఆయన వెనక తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. ఆమె నా వైపు చూసింది, ఆ పక్కన అక్క చూసింది. సరిపోయాయి బావా, మంచిగున్నాయి అన్నాను.

అప్పుడు బావ ఒక పని చేశాడు. "షాపాయన గిట్ల నొక్కి చూడమన్నడు" అంటూ, మర్యాద కోసం విస్తరి ముందు నుంచి లేచిపోయిన ఆ మనిషి, అందరి ముందూ నా కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, బొటనవేలితో ఎడమ బూటు ముందుభాగం నొక్కాడు. నేను లోపల వేళ్లను గట్టిగా వెనక్కి ముడుచుకున్నాను. ఆయన వేలి కింద తోలు లోపలికి దిగింది. "జాగ ఉన్నది" అని తృప్తిగా లేచాడు. భోజనాలయ్యాక మళ్లీ అడిగాడు. మర్నాడు ఉదయం బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టి, "జర సరిగ చెప్పు బామ్మర్ది, సరిపోయినయ్ గద" అని మూడోసారి అడిగాడు. ఊరంతా తన బూట్లను మెచ్చుకున్నా ఈయనకు చాలలేదు, నా నోటితో ఇంకా మెచ్చుకోవాలని ఆశ అనుకున్నాను. సరిపోయాయి బావా అని అరిచాను.

డ్రిల్లు సారు ఒక్క చూపులో కనిపెట్టాడు. బూటు విప్పించి నా వేళ్లను చూసి, వాపసు ఇచ్చి రమ్మన్నాడు. బావ తెచ్చాడు సారూ, అలా కుదరదన్నాను. "మీ బావ ఎవరో బూటుకు ఎట్ల తెలుస్తదిరా" అన్నాడాయన, కోపంతో రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఆముదం సీసా తెచ్చి ఇచ్చాడు. తడిపిన జొన్నలు బూట్లలో నింపి, మూతి గట్టిగా కట్టి రెండు రోజులు ఉంచితే గింజ ఉబ్బి తోలును సాగదీస్తుందని ఎవరో చెబితే అదీ చేశాను. గదిలో నాతో ఉండే పిల్లలు ఆ వాసనకు తట్టుకోలేక పక్కలు బయట వేసుకున్నారు. విప్పి చూస్తే కొన్ని జొన్నలకు మొలకలొచ్చాయి. బూటు పక్కలకు కాస్త సాగింది, పొడవు మాత్రం పుల్ల ఎంతో అంతే ఉంది. తోలు అడ్డంగా లొంగుతుంది గానీ నిలువుగా లొంగదని సారు ముందే చెప్పాడు.

పాలమూరు మైదానంలో మొదటి పది నిమిషాలు నేను నా బతుకులో ఎన్నడూ ఆడనంత బాగా ఆడాను. ఇది గొప్పకు చెప్పడం లేదు. తర్వాత ఎడమ బొటనవేలి గోరు కదిలింది. ప్రతి అడుగుకూ ఆ నొప్పి మోకాలి దాకా పాకేది. నాకు తెలియకుండానే బంతిని కుడికాలితో అందుకోవడం మొదలుపెట్టాను, కుడికాలితో నేను బంతిని రోడ్డు మీదికి కూడా సరిగ్గా తన్నలేను. విరామానికి కాసేపు ముందు గోలుకు నాలుగు గజాల్లో, ఎదురుగా ఎవరూ లేకుండా, బంతి దొర్లుకుంటూ నా ఎడమకాలి దగ్గరకే వచ్చింది. చిన్న పిల్లవాడైనా తన్నేస్తాడు. నా కాలు వెనక్కి వెళ్లింది గానీ ముందుకు రాలేదు. బంతి బయటికి వెళ్లిపోయింది. ఎంపిక చేసేవాళ్లు కుర్చీల్లో కూర్చుని కాగితం మీద ఏదో రాసుకోవడం చూశాను.

విరామంలో బూటు విప్పితే మేజోడు గోరుకు అంటుకుపోయి ఉంది. వట్టికాళ్లతో ఆడతానని బతిమాలాను, ఒప్పుకోలేదు. మళ్లీ తొడుక్కుందామంటే ఉబ్బిన కాలు దూరలేదు. డ్రిల్లు సారు నా పక్కన కూర్చుని బకెట్లో నీళ్లు తెచ్చి నా పాదం అందులో పెట్టాడు. గీత అవతల కూర్చుని రెండో సగమంతా చూశాను. సాయంత్రం పేర్లు చదివారు. నా పేరు లేదు. ఇంటికి వెళ్లి, అక్కడ పెద్ద ఆటగాళ్లు వచ్చారని, నాకంటే బాగా ఆడారని చెప్పాను. అమ్మ నా కాలికి పసుపు రాసింది. తర్వాత నేను తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, కుర్చీలో ముప్పై ఎనిమిదేళ్లు కూర్చుని రిటైరయ్యాను.

ఆ రోజు నుంచి బావంటే నాకు ఒక రకమైన గుర్రు. బయటికి ఏమీ అనలేదు, అనడానికి ఆయన చేసిన తప్పేమీ లేదని కూడా తెలుసు. అయినా ఆయన మా ఇంటికి వచ్చి మంచం మీద కూర్చోగానే నాకు ఏదో పని గుర్తొచ్చేది. నీళ్లిచ్చి, బాగున్నావా బావా అని, చెప్పులు వేసుకుని బయటపడేవాణ్ణి. పండుగకు ఆయన ఉంటే నేను అంగడికి పోయేవాణ్ణి, పెళ్లిళ్లలో ఆయన వరుసలో నేను కూర్చోలేదు. పోయిన ఏడాదికి ముందు ఏడాది ఆయన గద్వాల దవాఖానాలో ఉన్నప్పుడు మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ తలుపు దగ్గరే నిలబడి, బస్సుకు వేళయిందని వచ్చేశాను. నాలుగోసారి వెళ్లేసరికి ఆయన లేడు.

దుకాణంలో చివరకు ఐదో జత పిల్లకు కుదిరింది. అది అటూ ఇటూ ఉరికి, తిరిగి, ఎగిరి, ఇవే అంది. దాన్ని హాస్టల్ దగ్గర దిగబెట్టి, అక్కను గద్వాల బస్సు ఎక్కించడానికి బస్టాండుకు తీసుకువచ్చాను. బెంచీ మీద ఆమె కూర్చుంది, నేను నిలబడ్డాను. కాసేపటికి ఆమె, నా వైపు చూడకుండా, వచ్చేపోయే బస్సుల వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"ఆ హైదరాబాదు షాపాయన పది రోజుల దాక మార్చిస్తనన్నడట. మీ బావ రశీదు అంగీ జేబుల వెట్టుకొని తిరిగిండు. రోజూ పోయే తొవ్వనే గద, మార్చుకొచ్చుడు ఆయనకెంత పని. అందుకే నిన్ను అన్నిసార్లు అడిగిండు."

మరి నువ్వయినా నాకు చెప్పకపోతివి అన్నాను.

"అమ్మ ఏమనొద్దన్నది. నీవే నీ నోటితోని సరిపోయినయంటివి. నా కాపురం కొరకు అంటున్నవని నాకు ఎర్కనే. నేను కాదంటే నీ మాట పోతది, ఆయన ముంగట మన ఇంటి మాట పోతది అనుకున్న." ఆమె సంచి ఒళ్లోకి లాక్కుంది. "తర్వాత కూడా ఆయనకు తెల్వదు. నీ తమ్ముడు నేనొస్తే లేసిపోతడేందే, నేనేం జేసిన వానికి అని అడుగుతుండె. ఒకసారి కాదు, చానాసార్లు అడిగిండు."

ఏం చెప్పావని అడిగాను.

"వానికి చిన్నప్పటిసంది కాలు నిలువదు, నీ మీద ఏం లేదు అని చెప్పిన" అంది అక్క.

గద్వాల బస్సు వచ్చింది, ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది, ఇంటికి పో, చీకటయితది అంది. బస్సు వెళ్లాక కూడా నేను చాలాసేపు అక్కడే ఉన్నాను.

ఇప్పుడు అల్లుళ్లు అలగడం తగ్గింది. అలిగినా అది ఎనిమిది నెలలు సాగదు, ఫోను ఉంది. పుల్లలతో కొలిచేవాళ్లు లేరు, పట్టలేదంటే ఇంటికే వచ్చి మార్చి ఇస్తారట. పిల్లలు తమకు ఏది నొప్పి చేస్తోందో చెబుతారు, ఎదుటివాడు దాన్ని అవమానం అనుకోడు. ఇదంతా మంచికే వచ్చిన మార్పు, ఆ పిల్ల ధైర్యం చూస్తే నాకు ఎంతో సంతోషం కలిగింది, కొంచెం అసూయ కూడా కలిగింది. మా రోజుల్లో మనుషులు ఒక మాట అనకపోయినా ప్రేమ తెలిసేదని నా ఈడువాళ్లు చెప్పుకుంటూ ఉంటారు, నేనూ నలుగురిలో కూర్చున్నప్పుడు ఆ మాట అన్నవాణ్ణే. నాకైతే తెలియలేదు. బావ నా కాళ్ల ముందు గొంతుక్కూర్చుని నిజం చెప్పమని అడిగితే, పొగడ్త కోసం అడుగుతున్నాడనుకున్నాను. మా ఇంట్లో అందరం ఒకరి కోసం ఒకరం నోరు మూసుకుని, ఆయన ఒక్కణ్ణీ ఒంటరిని చేశాం.

నిన్న ఉదయం కూడా మా ఇంటి ముందు మంచం వాల్చి ఉంటే ఎవరో వచ్చి కూర్చున్నట్టనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నాకు ఇప్పుడు ఏ బస్సు వేళా లేదు, ఏ అంగడి పనీ లేదు. ఆయన పక్కన కాసేపు కూర్చోవాలని ఉంది.